పిల్లల కళ్ళ పరీక్ష: బడిలో చూసింది చాలా, చుక్కలు వేయించి చూపించాలా?

మా బడి వరండాలో మొదటి స్తంభం నుంచి ఎదురు గోడ దాకా సరిగ్గా ఆరు మీటర్లు. ఏటా టేపు పట్టుకుని కొలవడం ఎందుకని స్తంభం మొదట్లో తెల్ల పెయింటుతో గీత గీయించాం. ఆ గీత మీద కుర్చీ వేసి, గోడకి చార్టు తగిలించి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, ఇంగ్లీషు ‘E’ అక్షరం కాళ్ళు ఎటువైపు ఉన్నాయో చేత్తో చూపించమంటాం. పద్నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఇదే గీత మీద ఆరేళ్ళ మా అబ్బాయిని కూర్చోబెట్టి, వాడి రెండు కళ్ళూ బాగున్నాయని రిజిస్టర్లో నా చేత్తో నేనే రాశాను. ఏడాదిన్నర తర్వాత తెలిసింది, ఎడమ కంటితో వాడికి ఆ చార్టులో పై రెండు వరుసలు దాటి ఏమీ ఆనడం లేదని.

ఎడమ కన్ను పరీక్షించేటప్పుడు కుడి కంటి మీద చెయ్యి పెట్టుకోమన్నాను. పెట్టుకున్నాడు. కానీ వేళ్ళ సందుల్లోంచి కుడి కంటితోనే చూశాడు. వాడికి తెలిసిన చూపు అదొక్కటే, ఇంకో కంటితో చూడాలన్న సంగతే వాడికి తెలియదు. పైగా వాడి వంతు వచ్చేలోపు ముందున్న పాతికమంది ఏ వరుసకి చెయ్యి ఎటు చూపించారో చూస్తూ కూర్చున్నాడు. చార్టు సగం కంఠతా వచ్చేసింది.

ఆ తర్వాత నుంచి తల్లిదండ్రులు ఎవరైనా "బడిలో చూశారు కదా టీచర్, మళ్ళీ డాక్టర్ దగ్గరికి ఎందుకు?" అని అడిగితే అక్కడే కూర్చోబెట్టి చెప్తున్నాను. "షాపులో కంప్యూటర్ మీద చూపించాం, సరిపోదా?" అనేవాళ్ళకీ అంతే. ఏ పిల్లవాడికి ఏ చోటు సరిపోతుందో, ఎక్కడ ఏం దొరుకుతుందో, ఏం దొరకదో నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

బడి, అంగన్‌వాడీ, క్యాంపులు

మేం చేసేది జల్లెడ పట్టడం. వందమందిలో చూపు ఆననివాళ్ళని వేరుచేసి ఆప్తాల్మిక్ ఆఫీసర్ దగ్గరికి పంపుతాం. ఆయన మళ్ళీ చూసి, అవసరమైతే అద్దాలు రాస్తారు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద బడి పిల్లలకి ఆ అద్దాలు ఉచితంగా వస్తాయి. 1976లో మొదలైన ఈ కార్యక్రమం వల్ల ఎంతమంది పిల్లలకి బోర్డు మొదటిసారి కనబడిందో నా కళ్ళతో చూశాను. కాబట్టి బడి పరీక్షని తక్కువ చేసి మాట్లాడను. ఖర్చు లేదు, కూలి పోదు, ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. దూరం కనబడని పిల్లల్ని, అంటే మైనస్ పవర్ ఉన్నవాళ్ళని, అది బాగానే పట్టుకుంటుంది.

అది పట్టుకోలేనిది ప్లస్ పవర్, అంటే దగ్గరివి చూడటానికి కన్ను ఎక్కువ కష్టపడాల్సి రావడం. పిల్లల కంట్లో లెన్స్ మెత్తగా ఉంటుంది. కొంచెం బిగిస్తే చాలు, రెండు మూడు పాయింట్ల ప్లస్ పవర్‌ని కూడా దాచేస్తుంది. అలాంటి పిల్లవాడు చార్టులో అడుగు వరుస కూడా చూపించేస్తాడు, మేం 6/6 అని, అంటే చూపు పూర్తిగా ఉందని, రాసేస్తాం. ఇంటికెళ్ళి పుస్తకం పట్టుకున్న పది నిమిషాలకి వాడికి తలనొప్పి మొదలవుతుంది. చదువంటే బద్ధకం అని తిట్లు తింటాడు. అప్పుడప్పుడు మాత్రమే పక్కకి జరిగే మెల్లకన్ను, కంటి లోపలి పొరలో ఉండే జబ్బు కూడా వరండాలో దొరకవు.

ఇదికాక 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే కింద ఒక సంచార వైద్య బృందం అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, బడులకి ఒకసారి వస్తుంది. పుట్టుక నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలందరినీ చూస్తారు. పుట్టుకతో వచ్చే శుక్లం, చూపు లోపం, నెలలు నిండని పిల్లల కంటి జబ్బు వాళ్ళ జాబితాలో ఉన్నాయి. అనుమానం వస్తే జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి, అంటే ఇలాంటి పిల్లల్ని చూసే ప్రభుత్వ కేంద్రానికి, పంపుతారు, అక్కణ్ణుంచి వైద్యం ఉచితం. బృందం వచ్చే రోజు ఎప్పుడో అంగన్‌వాడీ టీచర్‌ని అడిగి తెలుసుకోండి. ఆ రోజు పిల్లని అమ్మమ్మగారింటికి పంపకండి.

పెద్ద ఎత్తున జరిగే క్యాంపుల సంగతి వేరు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 10న అదే పేరుతో మొదలైన కార్యక్రమం మొదట బడి పిల్లలనే చూసింది. రెండూ మంచి పనులే. కానీ క్యాంపు దాని తేదీకి అది వస్తుంది, మీ పాప మూడో ఏడు పూర్తయిన రోజుకి రాదు. దాని కోసం ఆగడం మాత్రం వద్దు.

ఖరీదైన ప్లేస్కూళ్ళలో ఇప్పుడు కెమెరా లాంటి పరికరం తెస్తున్నారు. మీటరు దూరం నుంచి ఫొటో తీసినట్టు తీస్తే, రెండు కళ్ళలో పవర్ తేడా, మెల్ల, కంటిపాప సైజు క్షణాల్లో చెప్పేస్తుంది. ఆరు నెలల బిడ్డకి కూడా చేయొచ్చు, బిడ్డ నోరు విప్పి జవాబు చెప్పక్కర్లేదు. చార్టు చదవలేని నాలుగేళ్ళ లోపు పిల్లలకి ఇది బడి చార్టు కంటే మేలు. అయితే అది చూపుని కొలవదు, కంటి వెనక పొరని చూడదు, లెన్స్ బిగింపుని వదులుచేసే చుక్కలు వేయకుండా తీస్తారు కాబట్టి ప్లస్ పవర్‌ని తక్కువ చూపించే అవకాశం ఉంది. ‘రిఫర్’ అని వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళి తీరాలి. ‘పాస్’ అని వస్తే, ప్రస్తుతానికి అనుమానం లేదని మాత్రమే అనుకోవాలి.

అద్దాల షాపులో కంప్యూటర్ టెస్ట్

"కంప్యూటర్ ద్వారా కంటి పరీక్ష ఉచితం" అన్న బోర్డు లేని సెంటర్ మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడా ఉండదేమో. ఆ మెషీన్‌లో గడ్డం ఆనించి చూస్తే రోడ్డు చివర రంగుల గాలి బెలూనో, పొలం మధ్య ఇల్లో కనిపిస్తుంది. బొమ్మ దూరంగా ఉన్నట్టు కనిపించినా, మెషీన్ ముక్కుకి ఆనుకునే ఉందని పిల్లవాడి కంటికి తెలుసు. అందుకని దగ్గరి వస్తువుని చూసినట్టు లెన్స్‌ని బిగిస్తుంది. ఆ బిగింపుని మెషీన్ మైనస్ పవర్‌గా లెక్కేస్తుంది. నలభై దాటినవాళ్ళకి లెన్స్ గట్టిపడిపోతుంది కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ. చిన్నపిల్లల దగ్గరే మెషీన్ ఎక్కువగా పొరబడుతుంది.

రెండేళ్ళ కిందట మా ఐదో తరగతి పాపకి ఇదే జరిగింది. తలనొప్పి అంటే వాళ్ళ నాన్న సంతకెళ్ళినప్పుడు షాపుకి తీసుకెళ్ళారు. చీటీలో మైనస్ ఒకటిన్నర. అద్దాలు పెట్టుకుంటే తలనొప్పి ఇంకా ఎక్కువైందని పాప వాటిని బ్యాగు అడుగున దాచేది. అద్దాలు పగిలాయేమోనని బ్యాగు విప్పిస్తే, ఒక పాత గుడ్డలో చుట్టి ఉన్నాయి. వాళ్ళ అమ్మని ఒప్పించి పెద్దాసుపత్రికి పంపాను. చుక్కలు వేసి చూస్తే రెండు కళ్ళకీ ప్లస్ రెండున్నర. ఆ బిడ్డ ఆరు నెలలపాటు తనకి కావలసినదానికి సరిగ్గా ఎదురు అద్దాలు పెట్టుకుంది.

షాపులన్నీ మోసమని నేను అనడం లేదు. శిక్షణ పొందిన ఆప్టోమెట్రిస్ట్ ఉన్న షాపులూ ఉన్నాయి, మెషీన్ అంకె తీసుకుని దాన్ని చేత్తో సరిచూసే ఓపికగల మనుషులూ ఉన్నారు. నా సలహా ఒక్కటే: పన్నెండేళ్ళ లోపు పిల్లలకి మొదటిసారి అద్దాలు షాపు చీటీతో చేయించకండి. డాక్టర్ రాసిన చీటీతో చేయించుకోవడానికి, ఫ్రేము వంగితే సరిచేయించుకోవడానికి, పోయిన అద్దం మళ్ళీ వేయించుకోవడానికి షాపు మంచి చోటు.

దగ్గర్లో ఉన్న విజన్ సెంటర్

పల్లెల్లో ఉండేవాళ్ళకి ఇది మంచి దారి, చాలామందికి తెలియదు. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య విజ్ఞాన సంస్థ, సుమారు యాభై వేల జనాభాకి ఒకటి చొప్పున విజన్ సెంటర్లు పెట్టే పద్ధతిని తెచ్చింది. అక్కడ డాక్టర్ ఉండరు. ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకే శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్‌గా పెడతారు. టార్చి లాంటి లైటుతో పవర్ చూడటం వాళ్ళకి వచ్చు, మెషీన్ మీదే ఆధారపడరు. తమ చేతిలో లేని కేసుని పైస్థాయి ఆసుపత్రికి పంపడం వాళ్ళ పనిలో భాగం. ప్రభుత్వ ఆసుపత్రిలోని ఆప్తాల్మిక్ ఆఫీసర్ కూడా ఇంచుమించు ఈ పనే చేస్తారు.

బడి పరీక్షలో తప్పినవాళ్ళు, ఎనిమిదేళ్ళు దాటి బోర్డు కనబడడం లేదంటున్నవాళ్ళు, ఇప్పటికే అద్దాలు ఉండి పవర్ మారిందేమో చూపించుకోవాలనుకునేవాళ్ళు ముందు ఇక్కడికి వెళ్తే చాలు. బస్సు ఖర్చు మిగులుతుంది. మెల్లకన్ను ఉంటే, ఐదేళ్ళ లోపు పిల్లలైతే, రెండు కళ్ళకీ బాగా తేడా ఉందని తెలిస్తే ఇక్కడ ఆగొద్దు.

చుక్కలు వేసి చేసే పూర్తి పరీక్ష

నా దృష్టిలో ప్రతి బిడ్డకీ ఐదేళ్ళు నిండేలోపు ఒక్కసారైనా జరగాల్సిన పరీక్ష ఇదే. ఒకటో తరగతిలో చేర్పించేముందు ఆధార్, బర్త్ సర్టిఫికెట్ సిద్ధం చేసుకుంటాం కదా, ఆ ఫైల్లో ఈ చీటీ కూడా ఉండాలని మా బడికి వచ్చే ప్రతి తల్లికీ చెప్తాను.

చుక్కలు అనగానే తల్లిదండ్రులకి టెన్షన్. నాకూ ఉండింది. అందుకే జరిగేదంతా వివరంగా చెప్తాను.

చుక్కల పని లెన్స్‌ని కాసేపు వదులు చేయడం. బిగించే శక్తి పోతే దాచుకున్న పవర్ బయటపడక తప్పదు. మరీ చిన్నపిల్లలకి, ముఖ్యంగా కన్ను ముక్కువైపు తిరిగే మెల్ల ఉన్నవాళ్ళకి, అట్రోపిన్ ఆయింట్‌మెంట్ రాసిస్తారు. ఇంట్లోనే మూడు రోజులు, రోజుకి రెండుసార్లు, కింది రెప్ప లాగి బియ్యపు గింజంత పెట్టమంటారు. పరీక్ష రోజు పొద్దున పెట్టొద్దంటారు, ఆ జిడ్డుకి లైటు సరిగా ఆడదు. పెట్టాక ముక్కు పక్కన కంటి మూలని నిమిషంపాటు వేలితో నొక్కి ఉంచాలి, మందు గొంతులోకి దిగకుండా. బిడ్డ ముఖం ఎర్రబడినా, నోరు ఎండిపోతున్నా, ఒళ్ళు కాలినా మందు ఆపేసి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. కొంచెం పెద్దపిల్లలకి ఆసుపత్రిలోనే సైక్లోపెంటోలేటో హోమట్రోపినో చుక్కలు వేస్తారు. ఆ చుక్క భగ్గున మండుతుంది. మండదని బిడ్డకి అబద్ధం చెప్పకండి, రెండో చుక్కకి మిమ్మల్ని నమ్మడు. "పది లెక్కపెట్టేలోపు తగ్గిపోతుంది" అని చెప్పి, కలిసి లెక్కపెట్టండి.

తర్వాత గంటసేపు బయట కూర్చోవాలి. పిలిచాక చీకటి గది. మా అబ్బాయికి చేసినప్పుడు గది అవతలి గోడకి టీవీలో కార్టూన్ పెట్టారు. డాక్టరమ్మ వాడికి చేతి దూరంలో కూర్చుని, సన్నటి గీతలాంటి వెలుగు కంట్లోకి వేసి అటూ ఇటూ ఆడించారు. వాడి కనుపాపలో ఎర్రటి కాంతి కనిపించింది. ఆ కాంతి లైటుతోపాటే కదిలితే ప్లస్, ఎదురు కదిలితే మైనస్ అని ఆవిడ నాకు చూపించి చెప్పారు. ముందు ఒక్కొక్క అద్దం అడ్డం పెడుతూ, ఆ కదలిక ఆగిపోయేదాకా చూశారు. దీన్నే రెటినోస్కోపీ అంటారు. అంతసేపూ మా వాడు ఒక్క మాట మాట్లాడలేదు, కార్టూన్ చూస్తూ కూర్చున్నాడు. కుడి కంటికి ప్లస్ ఒకటి, ఎడమ కంటికి ప్లస్ ఐదు. నా వరండాలో ఆరు మీటర్ల దూరం నుంచి దొరకనిది చేతి దూరంలో నాలుగు నిమిషాల్లో దొరికింది.

రెండు కళ్ళ మధ్య అంత తేడా ఉంటే మెదడు మసక బొమ్మని పక్కనపెట్టి మంచి కంటిమాటే వింటుంది. వాడని కన్ను క్రమంగా చూడటం నేర్చుకోకుండా ఉండిపోతుంది. లేజీ ఐ అంటే ఇదే. బయటికి ఏ తేడా కనబడదు, ఎరుపు ఉండదు, నొప్పి ఉండదు, బిడ్డ చెప్పడు. వైద్యం సులువు: అద్దాలు, అవసరమైతే మంచి కంటికి రోజుకి కొంతసేపు పట్టీ. మధ్యస్థంగా ఉన్న లోపానికి రోజుకి రెండు గంటల పట్టీ ఆరు గంటల పట్టీలాగే పనిచేస్తుందని 2003లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. అందుకే ఇప్పుడు చాలామంది డాక్టర్లు పిల్లల్ని రోజంతా కట్టిపడేయడం లేదు. ఏడెనిమిదేళ్ళ లోపు మొదలుపెడితే ఫలితం బాగా వస్తుంది. ఆ వయసు దాటిందని వదిలేయకండి, పన్నెండు పదమూడేళ్ళ పిల్లలకి కూడా కొంత మెరుగవుతుంది. మా వాడికి ఏడున్నరకి మొదలైంది. ఇప్పుడు ఎడమ కంటితో 6/12 వరుస, అంటే మామూలు చూపుకి పన్నెండు మీటర్ల నుంచి కనబడే వరుస, ఆరు మీటర్ల నుంచి చూపిస్తున్నాడు. నాలుగేళ్ళప్పుడే చూపించి ఉంటే ఇంకెంత వచ్చేదో అన్న బాధ నాకు పోలేదు.

చుక్కలు వేయించే తేదీ ఎంచుకునేటప్పుడు బడి పరీక్షలు చూసుకోండి. సైక్లోపెంటోలేట్ అయితే ఇంచుమించు ఒక రోజు, హోమట్రోపిన్ అయితే రెండు మూడు రోజులు, అట్రోపిన్ అయితే పది పద్నాలుగు రోజుల దాకా దగ్గరి అక్షరాలు మసగ్గా ఉంటాయి, ఎండ చూడలేరు. టోపీ తీసుకెళ్ళండి. కొంచెం పెద్దపిల్లలకి మందు ప్రభావం తగ్గాక మళ్ళీ రమ్మని, అద్దాలు పెట్టి చూసి చీటీ రాస్తారు. దాన్ని పీఎంటీ అంటారు. ఆ రెండో రాకని ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ. మొదటి రోజు పడిన కష్టమంతా వృథా అయిపోతుంది.

ఏ ఆసుపత్రి?

ఊళ్ళో ఉండే మామూలు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చా? వెళ్ళొచ్చు, ముందు ఫోన్ చేసి "పిల్లలకి చుక్కలు వేసి రెటినోస్కోపీ చేస్తారా?" అని అడగండి. చేస్తామంటే, మెల్ల లేని ఐదేళ్ళు దాటిన పిల్లలకి అది చాలు. చాలా క్లినిక్కులు శుక్లం ఆపరేషన్ల మీదే నడుస్తాయి, అక్కడ ఏడ్చే మూడేళ్ళ పిల్లవాడికి ఇవ్వగలిగే ఓపిక, సమయం తక్కువ. బొమ్మల చార్టు ఉందా అని కూడా అడగండి. యాపిల్, ఇల్లు, గుండ్రం, చతురస్రం బొమ్మలు ఉండే చార్టు ఒకటుంది. బిడ్డ చేతికి అవే బొమ్మల కార్డు ఇచ్చి, దూరంగా చూపించిన బొమ్మని వేలితో చూపించమంటారు. మూడేళ్ళ పిల్లలు కూడా ఆటలాగా చేసేస్తారు. తెలుగు అక్షరాల చార్టులంటే నాకు ప్రాణమే గానీ, ఒకటో తరగతి పిల్లలు ‘ప’, ‘ష’, ‘స’ల దగ్గర తడబడేది చూపు వల్లో చదువు వల్లో తేల్చడం కష్టం.

మెల్లకన్ను, లేజీ ఐ, పుట్టుకతో ఉన్న సమస్యలకి పిల్లల కంటి విభాగం ఉన్న చోటికే వెళ్ళాలి. హైదరాబాద్‌లో ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ ఉంది. ఎల్వీ ప్రసాద్‌కి విశాఖపట్నంలో, విజయవాడ పక్కన తాడిగడపలో కూడా పెద్ద క్యాంపస్‌లున్నాయి. విశాఖ, కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రులు, గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర, తిరుపతిలో అరవింద్ ఉన్నాయి. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు పెద్దగా కాదు కానీ రోజంతా పడుతుంది. ట్రస్టు ఆసుపత్రుల్లో స్థోమత లేనివాళ్ళకి ఉచిత విభాగం వేరుగా ఉంటుంది, రేషన్ కార్డు తీసుకెళ్ళి కౌంటర్లో మొహమాటపడకుండా అడగండి.

స్క్రీనింగ్ కోసం ఒక్క రోజు కూడా ఆగకూడనివాళ్ళు

నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు మొదట. 34 వారాలలోపు పుట్టినా, పుట్టినప్పుడు రెండు కేజీలకంటే తక్కువ ఉన్నా, పుట్టిన ముప్పై రోజుల్లోపు రెటీనా, అంటే కంటి వెనక పొర, పరీక్ష జరగాలి. మరీ చిన్నగా పుడితే ఇంకా ముందే, రెండు మూడు వారాలకే. ఈ పరీక్ష గురించి డిశ్చార్జి కాగితంలో రాసి ఉందా లేదా మీరే చూసుకోండి, రాయకపోతే మీరే అడగండి. నెలలు నిండని పిల్లల్లో ఆ పొరకి వచ్చే జబ్బు వారాల్లో ముదురుతుంది.

ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కంటిపాప ఎర్రగా, రెండోది తెల్లగా పిల్లికన్నులా మెరిస్తే ఆ వారంలోనే పిల్లల కంటి డాక్టర్ దగ్గర ఉండాలి. శుక్లం కావచ్చు, కంటి క్యాన్సర్ కావచ్చు. ఆ క్యాన్సర్ ఎక్కువగా ఐదేళ్ళ లోపు పిల్లలకే వస్తుంది, త్వరగా పట్టుకుంటే ప్రాణమూ చాలాసార్లు చూపూ దక్కుతాయి. మూడు నెలలు దాటినా తల్లి ముఖం మీద చూపు నిలపకపోయినా, కళ్ళు గడియారం లోలకంలా ఊగుతున్నా అంతే.

నాలుగు నెలలు దాటాక మెల్ల కనబడితే చూపించాలి. "మెల్లకన్ను అదృష్టం" అనే మాట మన ఇళ్ళల్లో ఇంకా వినబడుతోంది. ఆ మాట విని ఆగిన పిల్లలు నా తరగతిలోనే కూర్చున్నారు, ఒక కంటితో. నిజమే, ముక్కు దూలం ఇంకా లేవని పసిపిల్లలకి మెల్ల లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. ఫ్లాష్ ఫొటోలో రెండు కంటిపాపల మధ్యలోనూ ఒకేచోట తెల్లచుక్క పడితే అది ఉత్తుత్తి మెల్ల కావచ్చు. తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

తల్లిదండ్రులకో తోడబుట్టినవాళ్ళకో చిన్నప్పుడే మందపాటి అద్దాలు, మెల్ల, లేజీ ఐ ఉంటే, ఏ లక్షణం లేకపోయినా ఆ బిడ్డని మూడేళ్ళకే పూర్తి పరీక్షకి తీసుకెళ్ళండి. మా చిన్నదాన్ని అలాగే తీసుకెళ్ళాను.

ఇంట్లో ఒక పని చేయొచ్చు. బిడ్డ కార్టూన్‌లో మునిగిపోయినప్పుడు వెనకనుంచి ఒక కన్నుని అరచేత్తో మూయండి, కాసేపాగి రెండోది. ఒక కన్ను మూస్తే ఊరుకుని, ఇంకో కన్ను మూసినప్పుడు చెయ్యి తోసేస్తూ గోల చేస్తే, అనుమానించాల్సింది ఆ గోల చేసినప్పుడు తెరిచి ఉన్న కన్నుని.

బయటి దేశాల్లో ఉన్నవాళ్ళకి

అమెరికాలో మూడు నుంచి ఐదేళ్ళ మధ్య కనీసం ఒకసారి కంటి స్క్రీనింగ్ జరగాలని అక్కడి నిపుణుల సంఘం చెప్తుంది. మామూలుగా పిల్లల డాక్టర్ కెమెరాతోనో చార్టుతోనో చేస్తారు. అదీ జల్లెడే. బ్రిటన్‌లో పదహారేళ్ళ లోపు పిల్లలకి పూర్తి కంటి పరీక్ష ఉచితం, కాబట్టి ఇండియా వచ్చేదాకా ఆగడంలో అర్థం లేదు. సెలవులకి వచ్చి ఇక్కడ చూపించుకునేవాళ్ళు వచ్చిన మొదటి వారంలోనే వెళ్ళండి. చివరి వారం వెళ్తే పీఎంటీకి సమయం ఉండదు.

అద్దాలు వచ్చాక

మైనస్ ఉన్న పిల్లలకి ఆరు నెలలకోసారి చూపించాలి, పెరిగే వయసులో పవరూ పెరుగుతుంది. రోజుకి రెండు గంటలు ఆరుబయట వెలుతురులో ఆడటం మైనస్ రాకుండా ఆపడానికి పనికొస్తుందని తైవాన్ బడుల్లో అమలుచేసి చూశారు. మా బడిలో మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లల్ని తరగతిలో కూర్చోబెట్టడం మానేసి, చెట్టు కిందికి పంపుతున్నాను. పవర్ వేగంగా పెరుగుతుంటే డాక్టర్లు రాత్రిపూట వేసే పలచటి అట్రోపిన్ చుక్కలు రాస్తారు. పరీక్షకి వాడే అట్రోపిన్ ఒక శాతం, ఇది అందులో నూరో వంతో, ఇరవయ్యో వంతో ఉంటుంది. పేరు ఒకటే అని ఇంట్లో మిగిలిన ఆయింట్‌మెంట్‌ని దాని బదులు వాడితే ప్రమాదం.

అద్దాలకి పాలీకార్బొనేట్ లెన్స్ అడగండి, బంతి తగిలినా పగిలి కంట్లో గుచ్చుకోదు.

మా బడిలో ఈ ఏడు నుంచి రెండు మార్పులు చేశాం. కన్ను మూయడానికి చెయ్యి వాడటం లేదు. పాత ఫ్రేములు రెండు తీసుకుని, ఒకదానికి కుడివైపు, ఒకదానికి ఎడమవైపు నల్ల చార్టు ముక్క అంటించాం. చేత్తో గట్టిగా అదిమితే కాసేపు ఆ కన్ను మసకబారి, తర్వాత దాని వంతు వచ్చినప్పుడు తప్పు చూపించేది, ఆ గోల కూడా పోయింది. రెండోది, తమ వంతు కోసం ఆగే పిల్లల్ని చార్టు కనబడని పక్క గదిలో కూర్చోబెడుతున్నాం. పాసైన పిల్లల చీటీలో "కళ్ళు బాగున్నాయి" అని రాయడం మానేశాను. "ఈ రోజు దూరం చూపు సరిగా ఉంది, చుక్కలతో పరీక్ష ఇంకా కాలేదు" అని రాసి పంపుతున్నాను. చీటీ చూసి అడగడానికి వచ్చే తల్లులకి, దసరా సెలవుల్లో మొదటి మూడు రోజుల్లో ఒకటి ఎంచుకోమని చెప్తున్నాను, బడి తెరిచేసరికి చూపు మసక తగ్గిపోతుంది కాబట్టి.